కంచు రూపం, జేడ్ పాత్ర: అనుకరణలోని సత్యాసత్యాలు

చైనా ప్రాచీన కంచు పాత్రల రూపాలలో జేడ్ రాతితో మలచిన కలశాలు, ధూపపాత్రలు, పానపాత్రలు ప్రపంచంలోని అనేక ప్రదర్శనశాలలలో కనిపిస్తాయి. బీజింగ్ ప్రాసాద మ్యూజియంలోను, తైపేలోని జాతీయ ప్రాసాద మ్యూజియంలోను, లండన్, న్యూయార్క్ నగరాల సంగ్రహాలలోను వీటికి ప్రత్యేక స్థానం ఉన్నది. వాటి పక్కన ఉంచే పరిచయ ఫలకాలు సాధారణంగా రెండు మాటలు చెబుతాయి. శిల్పి నైపుణ్యం అసాధారణమైనదన్నది మొదటిది. ప్రాచీనత పట్ల గల భక్తి ప్రశంసనీయమన్నది రెండవది. మొదటి మాటపై వివాదానికి తావు లేదు. రెండవ మాటను మాత్రం పరీక్షించి చూడవలసి ఉన్నది. ఏ ప్రాచీనతను అనుకరించారు, దానిని ఏ మార్గాన తెలుసుకొన్నారు, ఏ ప్రయోజనం కోసం మరల చేశారు అన్న ప్రశ్నలు వేయకుండా భక్తి అన్న ఒక్క మాటతో సరిపెడితే పాత్ర అర్థం కాదు.

బౌద్ధ విద్యార్థికి ఈ విషయంతో రెండు విధాల సంబంధం ఉన్నది. తూర్పు ఆసియా విహారాలలోని పూజాపీఠంపై ఉండే ధూపపాత్ర, పుష్పపాత్రల రూపాలు ఈ కంచు పాత్రల నుండి వచ్చినవే. చింగ్ రాజాస్థానం జేడ్ రాతితో భిక్షాపాత్రలు సైతం చేయించినది. ఈ రెండింటినీ ఏ వర్గంలో చేర్చాలో నిర్ణయించడానికి వినయపిటకమూ, భారతీయ బౌద్ధ శిల్పానుభవమూ తోడ్పడతాయి.

రాయి నుండి కంచుకు, కంచు నుండి రాయికి

జేడ్ కంచును అనుకరించడం చివరి రాజవంశాల కాలపు వింత అని సాధారణంగా భావిస్తారు. అది సరికాదు. 1976లో అన్‌యాంగ్‌లో త్రవ్విన ఫూ హావ్ రాణి సమాధిలో 750కి పైగా జేడ్ వస్తువులు, 460కి పైగా కంచు వస్తువులు లభించాయి. ఆ జేడ్ వస్తువులలో రెండు, ధాన్యపు నైవేద్యం ఉంచే ‘గ్వేయ్’ అనే కంచు పాత్ర రూపంలో ఉన్నాయి. అంటే క్రీస్తు పూర్వం 1200 ప్రాంతంలో, షాంగ్ రాజుల కంచు కళ పరాకాష్ఠలో ఉన్న కాలంలోనే, రాయి కంచు రూపాన్ని ధరించినది. అక్కడ అనుకరించినది ప్రాచీనతను కాదు. తమ కాలపు కర్మకాండనే మరింత విలువైన ద్రవ్యంలో చేసుకొన్నారు.

ఇంకా వెనుకకు వెళ్తే క్రమం తిరగబడుతుంది. క్రీస్తు పూర్వం 3300–2300 మధ్య వర్ధిల్లిన ల్యాంగ్‌జు సంస్కృతిలో ‘ట్సుంగ్’ అనే జేడ్ గొట్టాలపై పెద్ద కన్నుల ముఖచిహ్నం చెక్కారు. షాంగ్ కంచు పాత్రలపై కనిపించే ‘థావ్‌థియె’ ముఖానికి ఆ చిహ్నం పూర్వరూపమని పలువురు పండితుల అభిప్రాయం. ఆ అభిప్రాయం నిలిస్తే, రాతిలో పుట్టిన ముఖం కంచులోనికి వెళ్లి, కొన్ని వేల ఏండ్ల తరువాత తిరిగి రాతిలోనికి వచ్చినదని చెప్పవలసి ఉంటుంది. ఏది మూలం, ఏది ప్రతి అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదని దీనివలన తెలుస్తున్నది.

సుంగ్ రాజుల కాలంలో పరిస్థితి మారినది. భూమిలో నుండి బయటపడుతున్న ప్రాచీన కంచు పాత్రలను సేకరించి, కొలిచి, శాసనాలు చదివి, చిత్రాలతో సహా గ్రంథస్థం చేయడం అప్పుడు ప్రారంభమైనది. ల్యూ దాలిన్ ‘కావ్‌గూ థూ’ 1092 నాటిది. హ్వేయ్‌జుంగ్ చక్రవర్తి ఆజ్ఞపై సిద్ధమైన ‘ష్వాన్‌హ బోగూ థూ’లో 800కు పైగా పాత్రల వివరాలున్నాయి. ఈ గ్రంథాలు తరువాతి శిల్పులకు ఆకరాలయ్యాయి. ఇక్కడ విమర్శకుడు ఆగి గమనించవలసిన విషయం ఒకటున్నది. సూజౌ నగరంలోని చేతిపనివారిలో అత్యధికులకు షాంగ్ నాటి కంచు పాత్రను చేతితో తాకే అవకాశం లేదు. వారికి అందినది చెక్కదిమ్మెతో అచ్చువేసిన గీతల బొమ్మ. బొమ్మలో పాత్ర బరువు ఉండదు, లోహపు మందం ఉండదు, అలంకరణ ఎంత ఎత్తుగా లేచినదో తెలియదు. మింగ్, చింగ్ కాలాల జేడ్ పాత్రలు అనేకం మీద థావ్‌థియె ముఖం పలుచగా, గీతల వలె, ఉపరితలానికి అంటుకొని ఉండడానికి ఇదొక కారణం. అవి పాత్రను చూచి చేసిన ప్రతులు కావు. పుస్తకాన్ని చూచి చేసిన ప్రతులు.

సానపట్టిన రాయి, పోతపోసిన లోహం

‘జేడ్’ అన్న పేరుతో రెండు వేర్వేరు ఖనిజాలు వ్యవహారంలో ఉన్నాయి. ప్రాచీన కాలం నుండి చైనా శిల్పులు వాడినది నెఫ్రైట్. బర్మా నుండి వచ్చే జేడైట్ పద్దెనిమిదవ శతాబ్దంలో గాని చైనాలో విరివిగా వాడుకలోకి రాలేదు. తెలుగులో ‘పచ్చ’ అనగానే మరకతం స్ఫురిస్తుంది గనుక ఈ రాతిని జేడ్ అనడమే మేలు. పైగా చైనా రసికులు మెచ్చిన శ్రేష్ఠమైన నెఫ్రైట్ ఆకుపచ్చనిది కాదు, నేతి గడ్డ వలె తెల్లనిది.

నెఫ్రైట్‌ను ఉలితో చెక్కడం సాధ్యం కాదు. సూక్ష్మమైన నారలు నేతలాగా పెనవేసుకొన్న నిర్మాణం వలన అది పగలడం కష్టం. కాఠిన్యంలో సాధారణ ఉక్కును మించుతుంది. అందుచేత తిరిగే చక్రానికి తడి ఇసుకను, కురువిందం వంటి గట్టి రాళ్ల పొడిని అందిస్తూ నెలల తరబడి అరగదీయడం ఒక్కటే మార్గం. కంచు పాత్ర జననం దీనికి పూర్తిగా భిన్నం. మట్టితో మూస చేసి, దానిని ముక్కలుగా విడదీసి, మరల కూర్చి, కరిగిన లోహాన్ని ఒక్కసారిగా పోస్తారు. ఒకటి కొంచెం కొంచెంగా తీసివేస్తూ సాధించే రూపం. మరొకటి ఒక్క క్షణంలో నిండి గట్టిపడే రూపం.

ఈ భేదం స్పష్టంగా బయటపడే చోటు పాత్ర వెలుపలి నిలువు అంచులు. షాంగ్ కంచు పాత్రలకు నాలుగు దిక్కులా, కొన్నిటికి ఎనిమిది చోట్లా, రంపపు పళ్లవంటి నిలువు పట్టీలు పొడుచుకొని వస్తాయి. మట్టి మూస ముక్కలు కలిసే చోట లోహం కొంత బయటికి కారి అతుకు గీత ఏర్పడుతుంది. పోతపనివారు ఆ అతుకును దాచకుండా దానినే అలంకారంగా మలచుకొన్నారు. జేడ్ పాత్రకు మూస లేదు, అతుకు లేదు. అయినా శిల్పి ఆ నాలుగు పట్టీలను శ్రద్ధగా మిగిల్చి, వాటి చుట్టూ ఉన్న రాతినంతా అరగదీశాడు. తన పనిలో ఎన్నడూ ఎదురుకాని ఒక సమస్యకు పూర్వుడు కనుగొన్న పరిష్కారాన్ని అతడు అలంకారంగా స్వీకరించాడు.

దీనిని అజ్ఞానమని తీసివేయడం తొందరపాటు. ఆంధ్రదేశంలోని గుంటుపల్లి కొండలో తొలిచిన వర్తులాకార చైత్యగృహపు పైకప్పు లోపలి భాగంలో రాతి వాసాలు కనిపిస్తాయి. కొండను తొలిచిన గుహకు వాసాల అవసరం లేదు. సాంచి ప్రాకారంలో నిలువు స్తంభాల రంధ్రాలలో అడ్డసూచులను దూర్చిన పద్ధతి వడ్రంగి పని. రాతికి అది సహజం కాదు. కొయ్యతో కట్టిన తొలి చైత్యాలు నశించగా వాటి ఎముకలగూడు రాతిలో మిగిలినది. కనుక ఒక ద్రవ్యపు అవయవాన్ని మరొక ద్రవ్యంలో నిలుపుకోవడం బౌద్ధ శిల్పానికి పరాయి విషయమేమీ కాదు. అయితే ఒక తేడా గమనించాలి. గుంటుపల్లి శిల్పికి కొయ్య చైత్యం కళ్లెదుట ఉన్న వస్తువు. అందులో భిక్షువులు కూర్చొని వందనం చేసేవారు. రాతి చైత్యంలోనూ అదే వందనం కొనసాగినది. రూపంతో పాటు ప్రయోజనం కూడా ప్రయాణం చేసినది. జేడ్ పాత్ర విషయంలో ప్రయోజనం వెనుకనే ఉండిపోయినది.

మూడు కాళ్ల ‘డింగ్’ మాంసం వండి పితృదేవతలకు నివేదించే పాత్ర. ఆ కాళ్లు ఉన్నది క్రింద మంట పెట్టడానికే. తీవ్రమైన వేడిమి తగిలితే నెఫ్రైట్ రంగు కోల్పోయి ఎముకలా తెల్లబడుతుంది. అంటే జేడ్ డింగ్ తన రూపం సూచించే పనిని ఏనాడూ చేయజాలదు.

చక్రవర్తి అభిరుచి

1735లో సింహాసనమెక్కిన చియెన్‌లుంగ్ చక్రవర్తి ఈ కళకు పోషకుడు మాత్రమే కాదు, న్యాయనిర్ణేత కూడా. 1749లో ఆయన ఆజ్ఞపై ప్రారంభమైన ‘షీచింగ్ గూజియన్’ గ్రంథం 1,500కు పైగా రాజప్రాసాద కంచు పాత్రలను చిత్రాలతో నమోదు చేసినది. 1759 నాటికి మధ్యాసియా ప్రాంతాలు చింగ్ సైన్యాల వశమయ్యాక, ఖోతాన్, యార్కండ్‌ల నెఫ్రైట్ ఏటా వసంతంలోను శరత్తులోను కప్పంగా రాసాగినది. రాయి సమృద్ధిగా లభించేసరికి సూజౌ పనివారు సందు సందునా రంధ్రాలు చేసి, పూలు, పక్షులు, గొలుసులు క్రిక్కిరిసేలా మలచిన పాత్రలతో అంగళ్లు నింపారు. చక్రవర్తి దీనిని జేడ్‌కు పట్టిన ఆపదగా తన కవితలలో నిందించి, ప్రాచీన కంచు పాత్రల నిగ్రహాన్ని ఆదర్శంగా చూపాడు.

ఆ నింద సమంజసమైనదే. కాని అందులో ఒక విరోధం దాగి ఉన్నది. నిగ్రహాన్ని ఆజ్ఞతో రప్పించవచ్చునా అన్న ప్రశ్న ఆస్థాన శిల్పాలు చూచినప్పుడు తలెత్తుతుంది. వాటిలో ఉత్తమమైనవి, ముఖ్యంగా సన్నని నడుముతో పైకి విచ్చుకొనే ‘గూ’ అనే మద్యపాత్ర రూపాలు, రాతి తెలుపును దాదాపు అలంకారం లేకుండా నిలబెట్టాయి. అక్కడ కంచు రూపం రాతికి క్రమశిక్షణ నేర్పినది. సామాన్యమైన వాటిలో మాత్రం కంచు రూపం ఒక చట్రంగా మిగిలి, దాని మీద చేపిడులు, కదిలే వలయాలు, డ్రాగన్లు మరల చేరాయి. ఒకే రాతిలో నుండి విడదీసిన గొలుసు చూపరిని ఆశ్చర్యపరుస్తుంది. ఆశ్చర్యం తీరిన తరువాత ఆ పాత్రలో చూడడానికి ఎక్కువ మిగలదు.

చక్రవర్తి ప్రాచీనతాభిమానానికి మరొక పరీక్ష ఉన్నది. నిజమైన ప్రాచీన వస్తువులు, ల్యాంగ్‌జు నాటి ట్సుంగ్‌లు, ఆయన సంగ్రహంలోనే ఉన్నాయి. వాటిని ఆయన బండి లేదా పల్లకి కొయ్యల చివర తొడిగే తొడుగులని పొరబడి, అదే అర్థంలో కవితలు వ్రాసి, వాటిపైనే చెక్కించాడు. కొన్నిటికి లోపల లోహపు గొట్టం అమర్చి పూలకుండీలుగా వాడించాడు. కొన్నిటిపై కవితను తలక్రిందులుగా చెక్కారు. అంటే ఏది పైభాగమో, ఏది అడుగో ఆస్థానానికి తెలియలేదు. నాలుగు వేల ఏండ్ల నాటి అసలు వస్తువు చేతిలో ఉండగా గుర్తుపట్టని రసికత, గ్రంథంలోని బొమ్మను చూచి చేసిన ప్రతిని ప్రాచీనమని మెచ్చుకొన్నది. ఇది ఒక వ్యక్తి లోపంగా కాక, ఆనాటి పురావస్తు జ్ఞానపు హద్దుగా చూడాలి. అయినా ప్రాచీనత పట్ల భక్తి, ప్రాచీనతను గూర్చిన జ్ఞానం వేర్వేరని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇదే ఆస్థానానికి మెప్పు తెచ్చే విషయం కూడా ఒకటున్నది. అనేక పాత్రల అడుగున ‘చియెన్‌లుంగ్ ఫాంగ్‌గూ’, అంటే చియెన్‌లుంగ్ కాలంలో ప్రాచీనతను అనుకరించినది, అన్న ముద్ర చెక్కారు. పాత్ర తన పుట్టుకను తానే ప్రకటించుకొన్నది. అంగళ్లలో మాత్రం కొత్త జేడ్‌ను కాల్చి, రంగులు పట్టించి, ఏండ్ల తరబడి భూమిలో ఉన్నట్లు గోధుమరంగు మచ్చలు తెప్పించి అమ్మిన వారున్నారు. రెండూ అనుకరణలే. చేతిపనిలో కొన్నిసార్లు రెండూ సమానమే. మొదటిది తాను ప్రతినని చెబుతుంది, రెండవది దాచుతుంది.

హిందుస్థాన్ నుండి వచ్చిన పాఠం

మధ్యాసియా విజయాల తరువాత చియెన్‌లుంగ్ ఆస్థానానికి మరొక రకం జేడ్ చేరినది. దానిని ‘హిందుస్థాన్ జేడ్’ అన్నారు. మొగలు శిల్పుల పనితో పాటు తురుష్క, మధ్యాసియా ప్రాంతాల పని కూడా ఆ పేరు క్రింద కలిసి ఉన్నట్లు తైపే పండితులు తరువాత తేల్చారు. కాగితమంత పలుచని గోడలు, మెత్తని మెరుగు చూచి చక్రవర్తి ముగ్ధుడై వాటిపై అనేక కవితలు వ్రాశాడు. 1768లో హిందుస్థాన్ అన్న దేశమెక్కడిదో విచారిస్తూ ఒక వ్యాసం కూడా రచించాడు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న షాజహాన్ తెల్ల జేడ్ పానపాత్ర 1657 నాటిది. పాత్ర దేహం సొరకాయ, పిడి మేకతల, అడుగు పద్మం. దానికి కంచు పూర్వజులు లేరు. చెట్టుచేమల నుండి, జంతువు నుండి రూపం తీసుకొన్నది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని జేడ్ విభాగంలో మొగలుల నాటి కత్తిపిడులు, పాత్రలు చూచినవారికి ఈ పద్ధతి పరిచితమే. పక్కపక్కన ఉంచి చూస్తే రెండు సంప్రదాయాల తేడా తెలుస్తుంది. మొగలు పాత్ర రాతి మెత్తదనాన్ని వెదకినది. చైనా పాత్ర రాతిలో గతాన్ని వెదకినది. ఆస్థానంలోని పనివారు హిందుస్థాన్ పద్ధతిని కూడా అనుకరించారు. పలుచని గోడల నైపుణ్యం వారి చేతికి వచ్చినది. అయినా కంచు రూపాల పట్ల మమకారం పోలేదు. ఆ మమకారానికి మూలం కంటికి ఇంపు అనడం కంటె, పూర్వ రాజుల ధర్మానికి తానే వారసుడనని చెప్పుకోవలసిన పరదేశీ మంచు వంశపు అవసరం అనడం ఉచితం.

పూజాపీఠంపై మద్యపాత్ర

మింగ్, చింగ్ కాలాల విహారాలలోను, పితృమందిరాలలోను ఐదు వస్తువుల పూజాసమితి స్థిరపడినది: నడుమ ధూపపాత్ర, ఇరువైపులా రెండు దీపస్తంభాలు, వాటికి ఆవల రెండు పుష్పపాత్రలు. ధూపపాత్ర తరచు డింగ్ రూపంలో, పుష్పపాత్ర గూ రూపంలో ఉంటాయి. ఒకటి మాంసం వండిన పాత్ర, రెండవది మద్యం పోసిన పాత్ర. ప్రాణాతిపాత విరతి, సురాపాన విరతి శీలాలుగా గల ధర్మపు పీఠంపై ఇవి నిలిచాయి.

దీనిని చూచి పరిహసించేవారు ఉన్నారు. ఆ పరిహాసం పైపైది. మాంసం ఉన్న చోట గంధపు ధూపం, మద్యం ఉన్న చోట పువ్వు వచ్చినప్పుడు పాత్ర పాత పేరుతో కొత్త వ్రతం పట్టినదని చెప్పాలి. బౌద్ధం ఏ దేశానికి వెళ్లినా అక్కడి రూపాలను విరగగొట్టకుండా వాటి లోపలి ద్రవ్యాన్ని మార్చినది. భారతదేశంలో యక్షులు, నాగులు స్తూప ద్వారపాలకులైనది ఈ విధంగానే. కనుక జేడ్ పాత్రలలో తన రూపానికి కొత్త ప్రయోజనం సంపాదించుకొన్నది ధూపపాత్ర. రాజు అల్మారలో అలంకారంగా నిలిచిన దానికంటె, బూడిద నింపుకొని పీఠంపై పొగచూరిన ధూపపాత్ర మీదనే విమర్శకుడి గౌరవం ఎక్కువగా నిలవాలి. ప్రదర్శనశాలలు దానిని కడిగి మెరుగుపెట్టి, పూజాసమితి నుండి విడదీసి ‘డింగ్ రూప పాత్ర’ అని మాత్రమే వ్రాసినప్పుడు ఆ రెండవ జీవితం చెరిగిపోతున్నది.

జేడ్ భిక్షాపాత్ర

అసలు చిక్కు భిక్షాపాత్ర దగ్గర వస్తుంది. చింగ్ ఆస్థానంలో ముదురాకుపచ్చ జేడ్‌తో చేసి, విపస్సి మొదలు గోతముని వరకు గల సప్తబుద్ధుల రూపాలను చుట్టూ చెక్కిన భిక్షాపాత్రలు ఉన్నాయి. సూజౌ కైయువాన్ ఆలయంలో బుద్ధుని పాత్రగా పూజలందుకొన్న రాతి పాత్ర వీటికి ప్రేరణ.

చుల్లవగ్గలో పిండోల భారద్వాజుడు చందనపు పాత్ర కోసం ఋద్ధి ప్రదర్శించిన కథ భిక్షువులకు సుపరిచితం. ఆ సందర్భంలో భగవానుడు కొయ్య పాత్రను నిషేధించాడు. పిమ్మట బంగారు, వెండి, మణి, వైడూర్య, స్ఫటిక, కంచు, గాజు, తగరం, సీసం, రాగి పాత్రలను నిషేధించి, ఇనుప పాత్రను, మట్టి పాత్రను అనుమతించాడు. మణిమయ పాత్ర అన్న మాటలో జేడ్ ఇమిడిపోతుంది. చతుర్మహారాజులు అర్పించిన రాతి పాత్ర ఒక్క బుద్ధునికే చెందినది. కాబట్టి ఏ భిక్షువూ జేడ్ పాత్రతో పిండపాతానికి వెళ్లజాలడు.

అంతమాత్రాన ఆ పాత్ర ధర్మవిరుద్ధమా? భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వకాలలో స్ఫటిక ధాతుకరండకం బయటపడినది. భిక్షువు చేతిలో నిషిద్ధమైన స్ఫటికమే ధాతువు చుట్టూ పూజ్యమైనది. ద్రవ్యంలో దోషం లేదు. దానిని ఎవరు, దేనికి వాడుతున్నారన్నదే ప్రశ్న. చేతియాలను శారీరికం, పారిభోగికం, ఉద్దేశికం అని మూడు విధాలుగా విభజించే సంప్రదాయం ఇక్కడ దారి చూపుతుంది. బుద్ధుడు వాడిన పాత్ర పారిభోగికం. జేడ్ పాత్ర ఆయనను ఉద్దేశించి చేసిన స్మారకం, అంటే ఉద్దేశికం. ప్రదర్శనశాల ఫలకాలలోను, వేలం పట్టికలలోను ‘బౌద్ధ భిక్షువుల భిక్షాపాత్ర’ అని వ్రాసే అలవాటు ఈ రెండు వర్గాలను కలగాపులగం చేస్తున్నది. ‘భిక్షాపాత్ర రూపంలోని జేడ్ స్మారకం’ అని వ్రాస్తే చాలు. పాత్ర గౌరవం తగ్గదు, వినయం మరుగునపడదు.

సంయుత్త నికాయంలోని కస్సప సంయుత్తంలో నకిలీ బంగారం పుట్టేవరకు అసలు బంగారం అదృశ్యం కాదన్న ఉపమానంతో సద్ధర్మ ప్రతిరూపకాన్ని గూర్చిన హెచ్చరిక ఉన్నది. అక్కడి భయం ప్రతి అన్నదానిని గూర్చి కాదు, అసలు స్థానాన్ని ఆక్రమించే ప్రతిని గూర్చి. ఫాంగ్‌గూ ముద్ర గల పాత్ర ఆ స్థానాన్ని ఆక్రమించదు. రంగు పట్టించిన పాత్ర ఆక్రమిస్తుంది.

ఈ వివేకం తెలుగు నేలపై నేడు అవసరమైనది. నాగార్జునసాగరం జలాశయంలో లోయ మునిగినప్పుడు కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి కొండపైన, అనుపులోను మరల నిర్మించారు. మరికొన్నిటికి నమూనాలు మాత్రమే చేశారు. 2022లో ప్రారంభమైన బుద్ధవనంలో దేశదేశాల స్తూపాల ప్రతులు, శ్రీలంక అవుకన బుద్ధ విగ్రహపు ప్రతి ఉన్నాయి. వీటిని చూచే యాత్రికునికి ఏది తరలించిన కట్టడం, ఏది నమూనా, ఏది కొత్త స్మారకం అన్నది శిల మీదనే చెక్కి చెప్పడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. చైనా జేడ్ పాత్రల చరిత్ర నుండి గ్రహించదగిన ముఖ్య విషయం ఇదే. అడుగున చెక్కిన కొద్ది అక్షరాలు ఆ పాత్రల అందాన్ని ఏమాత్రం తగ్గించలేదు. వాటిని నేడు నిశ్చింతగా చదవడానికి, కాలం నిర్ణయించడానికి ఆధారమైనవి ఆ అక్షరాలే.